గోమార్ల డ్యూటీ

మా ఫైర్ స్టేషన్‌కి కుక్క వస్తోందని తెలిసిన రోజు అందరికంటే ఎక్కువ గొంతు చించుకున్నది నేనే. నిప్పుతో పనిచేసేవాళ్ళకి చిరగని హోసులు కావాలి, కాళ్ళకి సరిపోయే బూట్లు కావాలి, కుక్కెందుకండీ అని పొద్దున పెరేడ్‌లోనే అడిగేశాను. మా ఆఫీసరు నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, ఓపికున్నవాడు. అంతా విని, ఇంట్లో పశువులున్నవాళ్ళు కదా, దాన్ని మీరే చూసుకోండి అన్నాడు. కాసేపు నోరు మూసుకుని ఉంటే ఇంకెవరి నెత్తినో పడేది.

విశాఖ నుంచి ఒక మేడమ్ దాన్ని కారులో తీసుకొచ్చింది. గోధుమరంగు ఆడ లేబ్రడార్. పేరు ఇక్కడ రాయను, అదింకా డ్యూటీలోనే ఉంది. ఇది దొంగల్ని పట్టదు, మంటల్లోకి దూకదు, మనసు బాగోలేనివాళ్ళ పక్కన కూర్చుని మోకాలి మీద గడ్డం ఆనిస్తుంది, దీని ఉద్యోగం అంతేనని మేడమ్ చెప్పింది. చూడకూడనివి చూసొచ్చిన మనుషులకి దాని పక్కన గుండె తేలికపడుతుందట. మరి దీనికి టీయే డీయే ఏమైనా ఉంటాయా అని అడిగాను. మేడమ్ నవ్వలేదు. రెండే రెండు షరతులు పెట్టింది. దాని తిండి తప్ప ఇంకేమీ పెట్టకూడదు, ఎవరినీ బలవంతంగా మాట్లాడించకూడదు.

రెండో షరతుతో మాకు ఇబ్బందే లేదు. మా ఉద్దానం వైపు మగాడికి మనసు బాగోకపోతే గ్యాస్ పట్టిందంటాడు. ఆఫీసరు కాక స్టేషన్‌లో నాతో కలిపి ఏడుగురం, ఏడుగురికీ ఎప్పుడూ గ్యాసే. హోసులు ఆరేసే టవర్ నీడలో కుక్కకి గోనెపట్టా పరిచాను. నెలరోజులు దాని వైపు ఎవడూ కన్నెత్తి చూసినట్టు నాకు కనిపించలేదు. నేను చెప్పింది నిజమైందని లోలోపల మురిసిపోయాను.

కుక్క మాత్రం బలిసిపోతోంది. నేను గిన్నెతో కొలిచి పెడుతున్న తిండి అంతే, దాని పొట్ట మాత్రం రోజురోజుకీ నేలకి దిగుతోంది. కడుపుతో ఉందేమోనని కూడా అనుమానించాను. టెక్కలిలో పశువుల డాక్టరు బరువెంతుందని అడిగాడు. దాన్ని మోసి పలాసలో తెలిసిన జీడిపప్పు వ్యాపారి కాటా మీద, జీడిపిక్కల బస్తాలు తూచేచోట నిలబెట్టాం. ముల్లు చూసి ఆయన, ఇది లోపల పిక్కలు దాచిందేమో అన్నాడు. ఇలాగే తింటే లివరు చెడిపోతుంది, ఇది బతకదని డాక్టరు నన్ను నానా మాటలూ అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో అన్ని మాటలు నన్ను ఎవరూ అనలేదు.

ఆ మర్నాడు వాటర్ ట్యాంకు వెనక నక్కి కూర్చున్నాను. దొంగలా చుట్టూ చూస్తూ మా డ్రైవరు వచ్చాడు. చొక్కాలోంచి జీడిపప్పు ముక్కలు తీసి పెట్టి, దాని చెవి దగ్గర ఏదో గొణిగి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు. అరగంటకి ఇంకొకడు, రావివలస మల్లన్న ప్రసాదంతో. ఆ తర్వాతవాడిది కోటబొమ్మాళి సంతలో కొన్న పకోడీ. ఏ ఒక్కడికీ రెండోవాడి సంగతి తెలియదు. దానికి తిండి పెట్టే పాపాత్ముణ్ని నేనొక్కణ్నే అని ప్రతివాడూ అనుకుంటున్నాడు. అది ఆరుగురి దగ్గరా ఆరోజే మొదటిసారి తింటున్నట్టు ముఖం పెట్టేది.

ఆఖరున వచ్చినవాడు సముద్రం ఒడ్డు పల్లెవాడు. వేటకెళ్ళే ఇంట్లో పుట్టి మా ఉద్యోగానికొచ్చాడు. నన్ను మావా అంటాడు. వేసవిలో వాళ్ళ పక్క పల్లెలోనే పాకలు అంటుకుంటే వెళ్ళాం. ఇరవై పాకలు బూడిదయ్యాయి కానీ మనిషి ప్రాణం పోలేదు, రిపోర్టులో అలాగే రాశాం. అప్పటి నుంచీ వీడు సరిగ్గా తినడు. బెల్లు మోగితే అందరం ఇంజనెక్కేస్తాం, వీడు ఒక క్షణం నేలకి అతుక్కుపోయినట్టు నిలబడతాడు. గ్యాసేమోనని మేం జీలకర్ర నీళ్ళు తాగించాం. ఆవేళ వాడు కాగితంలో మెత్తళ్ళ తలలు, ఆ చిన్న ఎండుచేపలవి, తెచ్చాడు. కుక్కకి పెట్టి, చాలాసేపు దాని మెడ మీద చెయ్యేసి కూర్చున్నాడు.

నాకు కోపం నషాళానికంటింది. సాయంత్రం అందరినీ నిలబెట్టి దొంగతనాలన్నీ బయటపెట్టాను. ఒకడు తెచ్చింది విని ఇంకొకడు నోరు వెళ్ళబెట్టాడు. కుక్కకి ఎవరైనా ఏమైనా పెడితే మెమో ఇప్పిస్తానని గోడ మీద కాగితం అంటించాను.

కుక్క చిక్కడం మొదలెట్టింది. దాని దగ్గరకి రావడం కూడా అందరూ మానేశారు. అది గోనెపట్టా మీద పడుకుని పొద్దస్తమానం గేటు వైపు చూసేది. పది రోజులకి మా మెత్తళ్ళవాడు ఆఫీసరు బల్ల మీద రాజీనామా కాగితం పెట్టాడు. ఏటయ్యింది అంటే గ్యాస్ అన్నాడు. ఇద్దరు ఆడపిల్లలున్నారు, వేరే ఆధారం లేదు, పడవ ఏనాడో అమ్మేశారు. నెలాఖరు వరకూ ఈ కాగితం పైకి పంపను, ఈలోగా ఏదో ఒకటి చెయ్యండని ఆఫీసరు నాకు ఒక్కడికే చెప్పాడు.

ఇంటికెళ్ళి మా ఆవిడతో ఇదంతా చెప్పి, తిండి పెట్టొద్దన్నాను గానీ రావొద్దన్నానా అని గొణిగాను. ఆవిడ గేదె పాలు పితుకుతోంది, తల కూడా ఎత్తలేదు.

"ఉత్త సేతుల్తో ఎవులెల్తారు? సుట్టాన్ని సూడ్డానికెల్లినా రెండు అరటిపళ్ళు అట్టుకెల్తాం కదా" అంది.

నా బుర్రకి అప్పుడెక్కింది. కుక్కకి కష్టం చెప్పుకోవడానికి వెళ్తున్నాననే ధైర్యం మాలో ఎవడికుంది? తినిపించడానికి వెళ్తున్నాను అనుకుంటే కాళ్ళు కదులుతాయి. ఆ అరటిపళ్ళు లాక్కున్నది నేనే.

దారి చూపించింది గోమార్లు. వానలు పడి స్టేషన్ వెనక గడ్డి పెరిగింది, పశువుల్ని పట్టి రక్తం తాగే ఆ పురుగులు కుక్క చెవుల నిండా పట్టేశాయి. నేను కూర్చుని ఒక్కొక్కటే పీకి కిరసనాయిలు డబ్బాలో వేస్తుంటే డ్రైవరు వచ్చి నిలబడ్డాడు. తర్వాత గొంతుక్కూర్చున్నాడు. రెండు గోమార్లు పీకేసరికి వాళ్ళ అన్నదమ్ముల తగాదా మొదలుపెట్టాడు, నాలుగోదానికి ఏడ్చేశాడు. మా అమ్మా పెద్దమ్మలూ అరుగు మీద పేలు చూసుకుంటూ ఎన్నెన్ని చెప్పుకునేవాళ్ళో నాకు గుర్తొచ్చింది. చేతికి పని ఉండి, చూపు పని మీద ఉంటే చాలు, నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

వెంటనే రోస్టరు రాశాను. రోజుకొకరు, తప్పనిసరి, గోమార్ల డ్యూటీ. డ్యూటీ అంటే మావాళ్ళకి సిగ్గుండదు. మూడు రోజుల్లో టవర్ నీడలో మళ్ళీ గొణుగుళ్ళు మొదలయ్యాయి.

అంతలో డాక్టరు ఏదో బిళ్ళ ఇచ్చాడు. అది మింగిన రెండు రోజులకే కుక్క ఒంటి మీద గోమారన్నది లేకుండా పోయింది. ఆయన మందు అంత బాగా పనిచెయ్యడం నా దురదృష్టం. ఎవరికీ చెప్పలేదు. గుడ్లు వెంట్రుకల్లో ఉంటాయి, కళ్ళకి కనపడవు, వెతుకుతూనే ఉండాలి అని డాక్టరు పేరు చెప్పి అబద్ధమాడాను. అది చాలదని రోజూ పొద్దున్నే మా గేదె పొదుగు దగ్గర ఓ పది గోమార్లు పీకి, అగ్గిపెట్టెలో పెట్టుకొచ్చి డబ్బాలో వేసేవాణ్ని. గేదెకి సుఖంగానే ఉంది. రోజూ తెల్లారేసరికి నేను గేదె కింద దూరుతున్నానని మా ఆవిడ పక్కింటావిడతో చెప్పుకుంది.

మెత్తళ్ళవాడు తన వంతు రోజున కూర్చునేవాడు, వెతికేవాడు, లేచిపోయేవాడు. పెదవి విప్పేవాడు కాదు. నెలాఖరు ఇంకో రెండు రోజులుందనగా మళ్ళీ వాడి వంతొచ్చింది. నేను కూడా వెళ్ళి కుక్క వెనక కాలు పట్టుకుని కూర్చున్నాను. వాడు దాని చెవి వెనక వేళ్ళు పెట్టి, నా వైపు చూడకుండా, కుక్కకే చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ పాకల్లో ఒక ముసలమ్మ ఉంది. ఆమె మేక లోపల కట్టేసి ఉంది, అరుస్తోంది. ముసలమ్మ మంటల్లోకి పరిగెడుతుంటే వీడు నడుం పట్టుకుని ఆపాడు. ఆమె కొరికింది, రక్కింది. వీడు వదల్లేదు. మేక అరుపు ఆగిపోయేదాకా అలాగే పట్టుకున్నాడు.

"మరి తిరిగి సూసి, నన్నట్టుకున్న సేత్తో దాని తాడు ఇప్పనేకపోనావా అంది. మేక కోసం ఏడిత్తన్నానంటే మీరంతా నవ్వుతారు."

కుక్క వాడి మోకాలి మీద గడ్డం పెట్టింది. నేను నవ్వలేదు. మూడు నెలలు జీలకర్ర నీళ్ళు తాగించినందుకు నామీద నాకే అసహ్యమేసింది. ఆ రోజు హోసు చివర నీళ్ళు చిమ్మే బ్రాంచి పట్టుకున్నది నేను, నీళ్ళు ఏ పాక మీద ముందు కొట్టాలో చెప్పింది కూడా నేనే, ఆ మేక అరుపు నేనూ విన్నాను అని చెప్పాను. అప్పటిదాకా అది ఎవరితోనూ అనలేదు, మా ఆవిడతో కూడా. వాడు మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు. ఇద్దరం చాలాసేపు ఆ ఖాళీ బొచ్చులో వెతుకుతూ కూర్చున్నాం.

లేచేటప్పుడు వాడు చేతులు దులుపుకుని అన్నాడు.

"సారుని నా కాగితం తిరిగిచ్చీమను మావా. వచ్చే నెల్లో కూడా నా వంతు ఎయ్యి. దీని మీద ఒక్కటీ నేదని నాకెప్పుడో తెలుసు, ఆ డబ్బాలోవి మీ గేదెవి. మిగతావోళ్ళకి సెప్పకు, పాపం ఆళ్ళు నమ్మీసినారు."

ఆ వారంలోనే మిగతా అయిదుగురూ, ఎవరూ చూడకుండా, ఒక్కొక్కరే వచ్చి నా చెవిలో ఇదే మాట చెప్పి వెళ్ళారు.