తాళం పగలగొట్టిన మా వదిన

మా వదిన పోయిందని దవాఖానా నుంచి ఫోన్ వచ్చే లోపే ట్రెక్కింగ్ క్లబ్బు వాళ్ల ఫొటో వచ్చింది. చుట్టూ పూలదండ, అటొక దీపం, ఇటొక దీపం, కింద "ప్రశాంతతకు మారుపేరు, కొండంత అమ్మ" అని అక్షరాలు. ఆ ఫొటోలో ఆమె నవ్వుతున్నట్టు ఉంటుంది. నవ్వు కాదది. తీసేవాణ్ని తిట్టబోతూ ఎండకు కళ్లు చిట్లించింది. తీసిన మరుక్షణం వాడి ఫోను రాళ్ల మీద పడి అద్దం పగిలింది. నేను పక్కనే ఉన్నాను.

ప్రశాంతత అట! నేను బతుకంతా లైబ్రరీలో పనిచేసిన వాణ్ని. చనిపోయినవాళ్ల గురించి రాసిన అబద్ధాలు బీరువాల కొద్దీ చదివాను. ఇది ఇంకొకటి కాకూడదు. మా వదిన కొట్టే మనిషి. చేతికి ఏది దొరికితే దానితో కొట్టేది. పోయే ముందురోజు కూడా సెలైన్ సూది పీకి, అడ్డొచ్చిన కాంపౌండరు మీదికి స్టీలు గ్లాసు విసిరింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "నేను పోంగనే తాళం తెస్తరు మరిదీ. నువ్వు పుస్తకం చదువుకుంట కూసుంటవ్" అంది. మా ఇద్దరి మధ్య అదే ఆఖరి మాట.

ఏ తాళమో చెప్పాలి.

టేకులపల్లి దాటి అడవిలోకి పోతే ఒక పెద్ద రాతిగుట్ట ఉంది. దాన్ని ఎక్కడానికి హైదరాబాద్ నుంచి పిల్లలు తాళ్లు, బూట్లు పట్టుకొని వస్తారు. పైన, నిటారు బండ మొదలయ్యే చోట, రాతిగోడల మీద రేకులు కప్పిన ఒక కొట్టం. క్లబ్బు వాళ్లు దాన్ని 'హట్' అంటారు. కొన్ని చాపలు, దుప్పట్లు, ఒక పొయ్యి, బయట మంచినీళ్ల డ్రమ్ము, అంతే. ముందు మా అన్న చూసుకునేవాడు, ఆయన పోయాక వదిన. గుట్టెక్కేవాళ్ల కోసం కట్టిందే అయినా, ఇప్పపూల కాలంలో అది గుట్ట కింది గూడెం ఆడవాళ్లది కూడా. రాత్రి రాలిన పూలు ఏరడానికి వాళ్లు తెల్లవారుతూనే చెట్ల కిందికి వస్తారు. ఆ పూల కోసమే ఎలుగుబంటి కూడా వస్తుంది. ఎలుగు కనబడినా, వడగళ్లు పడినా వాళ్లు పరుగెత్తి దూరేది ఆ కొట్టంలోకే.

దుప్పట్లు పోతున్నాయని అప్పటి క్లబ్బు సెక్రటరీకి గూడెం వాళ్ల మీద అనుమానం. మా అన్న ఎంత చెప్పినా వినకుండా తలుపుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకొని ఖమ్మం వెళ్లిపోయాడు. ఆ సెక్రటరీయే ఇప్పుడు క్లబ్బు అధ్యక్షుడు. 'కొండంత అమ్మ' అని రాయించింది ఆయనే.

కొన్నాళ్లకే, పిల్లను వెంటేసుకున్న ఒక ఎలుగు ఇప్పచెట్ల కిందికి వచ్చింది. ఆడవాళ్లను కిందికి పరుగెత్తమని అరిచి, మా అన్న దాన్ని తన వైపు తిప్పుకొని కొట్టం దిక్కు ఉరికాడు. తాళం సంగతి మరిచాడో, ఆ పరుగులో ఇంకెటూ దారి లేకపోయిందో. తలుపు చెక్కలో ఆయన గోళ్లు విరిగి ఉన్నాయి. ముఖం సగం లేదు. తాళం మీద నెత్తురు గడ్డకట్టింది. చేతులతో పీకాలని చూశాడన్నమాట. ఇది చదవడం కష్టంగా ఉంటే అధ్యక్షుడు పెట్టిన పోస్టు చదువుకోండి.

వదిన గొడ్డలితో వచ్చింది. ఏడవలేదు. మొదటి దెబ్బ తాళం మీద వేసింది. గొళ్లెం ఊడింది, తలుపు చీలింది, అయినా ఆగలేదు, పేళ్లు పేళ్లుగా నరికింది. తర్వాత ఆయన్ను చంకల కింద పట్టి లోపలికి ఈడ్చి చాప మీద పడుకోబెట్టింది. "ఇగ లోపలున్నవు, పండుకో" అంది.

సెక్రటరీ పరామర్శకు జీపులో వచ్చాడు. "అమ్మా, రూల్స్ ప్రకారం..." అని మొదలుపెట్టాడు. ఆమె గొడ్డలి తిరగేసి, మొద్దు వైపుతో ఆయన కుడి ముంజేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. ఆయన కేసు పెట్టలేదు. పెడితే తాళం సంగతి చెప్పాల్సి వచ్చేది. ఇప్పటికీ మైకు ఎడమ చేత్తోనే పట్టుకుంటాడు, సభల్లో గమనించండి.

కొట్టానికి వదిన కొత్త తలుపు చేయించింది. లోపల ఒక అడ్డకర్ర, బయట ఏమీ లేదు. లోపలివాళ్లు వేసుకోవచ్చు, తట్టితే తియ్యాలి. బయటి నుంచి మాత్రం ఎవరూ తాళం వేయలేరు. ఆ రోజు నుంచి అదే ఆమె మతం. ఎప్పుడూ తలుపుకు ఎదురుగా కూర్చునేది. వచ్చినవాణ్ని ఎవరు, ఏ ఊరు అని అడగకుండా ముందు చాయ్ గ్లాసు చేతిలో పెట్టి, తర్వాత తిట్టడం మొదలుపెట్టేది.

ఒకసారి కొందరు పెద్ద స్పీకరు మోసుకొచ్చి పాటలు పెట్టారు. "ఏంది కొడకా, ఎలుగ్గొడ్డుకు బారాత్ తీస్తున్నవా?" అంటూ దాన్ని ఎత్తి లోయలో పడేసింది. వాళ్లు మీదికొస్తే పొయ్యిలోని కొరివి అందుకుంది. ఇంకోసారి ఒక అమ్మాయి బండ మధ్యలో భయంతో బిగుసుకుపోయింది. తాళ్లు కట్టుకున్న మగపిల్లలంతా కింద నిలబడి ఇంగ్లీషులో ధైర్యం చెబుతున్నారు. వదిన పక్కదారిన పాకి వెళ్లి ఆ పిల్ల చెంప ఛెళ్లుమనిపించింది. "భయమైతే గట్టిగ ఒర్రు. ఏడ్సుడేదో దిగినంక ఏడువు" అని, కొంగు ఆమె నడుముకు చుట్టి, బూతులు తిడుతూ కిందికి దించింది. ఆ పిల్ల ఏటా వచ్చేది. వదిన కాళ్ల దగ్గర కూర్చొని తిట్టించుకొని పోయేది.

నా భార్య పోయిన కొత్తలో నేనూ అక్కడికి చేరాను. పొద్దంతా పుస్తకం ముందు పెట్టుకొని కూర్చునేవాణ్ని, ఒక్క పేజీ తిప్పకుండా. ఒక పొద్దున లేచి చూస్తే వదిన ఆ పుస్తకం పేజీలు చింపి పొయ్యి అంటిస్తోంది. కేకలు వేశాను. "తిప్పని కాయితం ఉంటే ఏంది, కాలితే ఏంది? చాయ్ తాగి కట్టెలు కొట్టు" అంది. కోపంతో మధ్యాహ్నం దాకా కట్టెలు కొట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టింది. ఆ పుస్తకం మళ్లీ ఎక్కడా దొరకలేదు, ఆ కోపం నాకు ఇంకా ఉంది. ఆమెకు చెప్పని కృతజ్ఞత కూడా ఉంది.

దినం అయిన మర్నాడు గుట్ట మీద సంతాప సభ అన్నారు. రొప్పుకుంటూ ఎక్కాను. బ్యానరు, కుర్చీలు, జనరేటరు. పాత తలుపు అప్పటికే ఊడదీసి గోడకు ఆనించారు. నేల మీద ఒక ఉక్కు తలుపు వెల్లకిలా పడి ఉంది. దాని మీద వదిన పేరు చెక్కి ఉంది, పక్కనే నంబర్లు నొక్కే తాళం.

"ఏందిది?" అన్నాను.

"స్మారకం అన్నా. అమ్మ పేరు ఎంత బాగొచ్చిందో చూడు. సేఫ్టీ కూడా ఉంటది" అన్నాడు అధ్యక్షుడు.

"ఎవలకు సేఫ్టీ? దుప్పట్లకా?"

ఆయన ముఖం మాడింది. "పెద్దమనిషివి, అందరి ముందట గిట్ల మాట్లాడుడేంది? బుక్ చేసుకున్నోళ్లకు ఫోన్‌కు తాళం నంబరొస్తది, అంతే గదా."

"ఆ నంబరొచ్చేదాంక ఆగమని ఎలుగుకు ఎవలు చెప్తరు?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేను గుమ్మంలో కూలబడి, "బిగిస్తే నా మీదికెంచి బిగియ్యుండ్రి" అన్నాను. ఇద్దరు వచ్చి నన్ను లేపబోయారు. ఒకడి చెయ్యి కొరికాను. నెత్తురు వచ్చింది. ఈ వయసులో మిగిలిన నాలుగు పళ్లు ఎందుకు మిగిలాయో అప్పుడు తెలిసింది.

అంతలో ఆకాశం నల్లబడి వడగళ్లు మొదలయ్యాయి, రాళ్లు విసిరినట్టు. బ్యానరు చినిగింది, కుర్చీలు దొర్లిపోయాయి. కింది ఇప్పచెట్ల నుంచి ఆడవాళ్లు తడిసిన గంపలతో, చంకలో పిల్లలతో ఉరికొచ్చారు. నన్ను దాటుకుంటూ, ఒకామె నా చెయ్యి తొక్కుతూ, "జరుగు తాతా, అడ్డమెందుకు కూసున్నవ్?" అంటూ లోపలికి దూరారు. సభకొచ్చినవాళ్లూ వాళ్ల వెనకే దూరారు. అధ్యక్షుడొక్కడే బయట నెత్తి మీద చేతులు పెట్టుకొని నిలబడ్డాడు. నుదుటి నుంచి నెత్తురు కారుతోంది. లోపలి నుంచి అదే ఆడమనిషి అరిచింది.

"ఓ సారూ! నెత్తి పగులగొట్టుకుంటవా ఏంది? లోపలికి రా!"

వచ్చాడు. తడిసిన చీరల మధ్య ఇరుక్కొని నిలబడ్డాడు. బుకింగ్ ఉందా అని ఆయన్ను ఎవరూ అడగలేదు.

వాన వెలిసి ఎండ కాసింది. నేలంతా బురద, మంచుగడ్డలు. ఇప్పపూలు తడిగా ఉంటే పులిసి పాడైపోతాయి. ఆరబోయడానికి చదునైన చోటు కోసం ఆడవాళ్లు చుట్టూ చూశారు. కొంగులతో ఉక్కు తలుపును శుభ్రంగా తుడిచి, గంపలు దాని మీద కుమ్మరించి చేతులతో పలచగా పరిచారు. బిగించడానికి వచ్చినతను డ్రిల్లింగ్ మిషను పట్టుకొని, "సార్, బిగియ్యాల్నా?" అని అడిగాడు.

"పూలారనియ్యి బిడ్డా, ఏం తొందర?" అంది ఒక ముసలామె.

అతను అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు నుదురు తుడుచుకున్న రుమాలు వంక చూస్తూ కూర్చున్నాడు. బిగించేవాడు మిషను పక్కన పెట్టి, పాత తలుపును ఎత్తి మళ్లీ దాని చోట నిలబెట్టాడు.

రోజూ పొద్దున కొత్త పూలు రాలుతున్నాయి. ఉక్కు తలుపు అక్కడే నేల మీద ఉంది. ఎండకు కాలుతోంది, మీద లేత పసుపు పూలు మందంగా పరిచి ఉన్నాయి, వాటి కింద ఏ అక్షరాలూ కనబడవు.