దేవదానం అన్న, నా రెండు నత్తలు

నిన్న పొద్దున మెడికల్ షాపు షట్టర్ ఎత్తుతుండగా ఫోన్ వచ్చింది. దేవదానం అన్న లేడని.

"ఏ దేవదానం?" అని అడిగాను. తెలిసి కూడా.

మొన్న సాయంత్రమే కదా నాకు మెసేజ్ పెట్టాడు, ట్యాంకులో ఉప్పు తగ్గిందేమో చూసుకో అని!

హార్ట్ ఎటాక్ అట. నిద్రలోనే అట.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. అన్న మదనపల్లెలో ఒక ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ఇంట్లో ఉప్పునీళ్ల అక్వేరియం. సముద్రం ఎక్కడ, మదనపల్లె ఎక్కడ! అయినా పుంగనూరులో నాకు, కుప్పంలో మునెప్పకి ఆ పిచ్చి అంటించింది ఆయనే.

ఈ ట్యాంకుల్లో కోరల్స్, అంటే పగడపు జీవులు, పెంచడానికి సముద్రపు రాళ్లు కొంటాం. వాటికి అతుక్కుని మనం కొనని నత్తలు కూడా వచ్చేస్తాయి. టికెట్ లేని ప్యాసింజర్లు. కొన్ని పాచి తిని గ్లాస్ శుభ్రం చేస్తాయి. కొన్ని కోరల్స్‌నే తినేస్తాయి.

ఏది మంచిదో ఏది కాదో చెప్పడంలో మా మూడు ఊళ్లలో అన్నను మించినవాడు లేడు. ఇది గట్టిగా చెప్తాను.

ఒకసారి నా ట్యాంకులో చొక్కా గుండీల్లా ఉండే బటన్ కోరల్స్ ఒక్కొక్కటే ముడుచుకుపోయాయి. నా అనుమానం రెండు నత్తల మీద. ఒకటి బూడిద రంగుది, ఇసుకలోంచి తొండం ఊపుతూ లేచేది. చూస్తేనే దొంగ మొహం. ఇంకోటి తెలుపు నలుపు గళ్లతో చీర అంచులా ముద్దుగా ఉండేది.

తొండం దాన్ని మంచినీళ్లలో వేసి చంపేద్దామని డిసైడ్ అయిపోయాను.

ఫోన్‌లో అన్న అరిచాడు. "మీ మెడికల్ షాపోళ్లంతా ఇంతేనమ్మా! మొగం సూసి మాత్రలిస్తారు. రెండిట్నీ ఎత్తుకోని రా."

షాపులో ఉన్న యూరిన్ శాంపిల్ డబ్బాల్లో వేసుకుని బస్సెక్కాను. అన్న వాటికి పేషెంట్లకి రాసినట్టే లేబుల్ రాశాడు. పేరు: తెలీదు. వయసు: తెలీదు. ఒక్కోదాని ముందు ఒక్కో బటన్ కోరల్ పెట్టి, ఇంక పోయి రేపు రమ్మన్నాడు.

మర్నాడు చూస్తే గళ్ల సుందరి బటన్ మీదెక్కి భోంచేస్తోంది!

తొండం దానికి పాపం పస్తు. అది మిగిలిపోయిన మేత తప్ప ఏమీ ముట్టదట.

నాకు సిగ్గేసింది. అన్న పడీపడీ నవ్వాడు.

నిన్న అన్న ఇంటి నిండా జనం. ట్యాంక్ ఖాళీ చేసేయమని బంధువులు. ఇంక దీన్ని ఎవరు చూస్తారని. వాళ్ల తప్పేం లేదు. కానీ ట్యాంకులో నీళ్లు తిప్పే మోటర్ ఆపేస్తే ఒకట్రెండు రోజుల్లో అందులో ఒక్క ప్రాణి మిగలదు.

అన్న భార్య రూతమ్మక్క ప్లగ్ మీద చెయ్యి పెట్టి నిలబడింది. గ్లాస్ మీద నేనెప్పుడూ చూడని నత్త ఒకటి పాకుతోంది.

"ఇది మంచిదా, సెడ్డదా? నీకేమన్నా తెలుసునామ్మా?" అని అడిగింది.

"తెలీదక్కా. రెండ్రోజులు సూసి సెప్తాను."

అక్క ఏడ్చేసింది. "మీ అన్న గూడా ఇట్లే అంటాండె" అని ప్లగ్ మీద నుంచి చెయ్యి తీసేసింది.

ఈ మధ్యాహ్నం సమాధి. రేపు పొద్దున నేను నీళ్లు మార్చడానికి వెళ్తాను. ట్యాంక్ నడుస్తుంది. గ్యారంటీ నాది.

వెళ్లిరా అన్నా. ప్రభువు దగ్గర నిశ్చింతగా నిద్రపో.