పోయని నీలం

బౌషర్‌లో ఒక అర్బాబ్, అంటే అక్కడి అరబ్బు ఆసామి, కొత్త ఇల్లు కట్టించాడు. అతిథులు కూర్చునే మజ్లిస్ హాలు కప్పుకు లతలూ నగిషీలూ వేయడానికి ఇటలీ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. చదునైన కప్పు మీద సన్నని నీడ గీత ఒకటి లాగితే చాలు, ఆకు చెక్కినట్టు పైకి లేచేది. "ఇదే నా ఆఖరి కప్పు. పూర్తి చేసి ఇంటికి పోతాను" అనేవాడు. మా కంపెనీలో గోడలకు రంగు వేసే నన్ను ఆయనకు రంగులు కలిపివ్వడానికి పెట్టారు.

నేను ఎనిమిదో తరగతితో ఆపేశాను. మిగిలిన చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలోదే. ఇటలీ చర్చిల కప్పుల గురించి అక్కడ చదివిన నాలుగు పేజీలనూ మొదటిరోజే వచ్చీరాని ఇంగ్లీషులో ఆయనకు అప్పజెప్పాను. ఆయన నవ్వి, "మా నాన్న చదవలేదు, నేనూ చదవలేదు. వేశాం, అంతే" అన్నాడు.

మూడో వారంలో, కిటికీ వైపు మొదలుపెట్టగానే, నీలంతో చిక్కొచ్చింది. ఎంత కలిపినా "ఇంకా పొయ్యి" అనేవాడు. అలా పోస్తూ పోతే కప్పంతా సిరా ఒలికినట్టవుతుంది. ఒకరోజు ఆయన చూస్తుండగానే సీసా వంచి, చుక్క పడనీయకుండా కలియబెట్టి ఇచ్చాను.

"ఇప్పుడు సరిపోయింది" అన్నాడు.

ఆయనకు నీలం కనబడటం లేదు. శుక్లం ముదిరితే లోకం పసుపు గాజులోంచి చూసినట్టుంటుందనీ, నీలం మాసిపోతుందనీ చదివాను. ఆయనతో అనలేదు. రెండు నెలలు అలాగే సీసా వంచుతున్నట్టు నటించాను. కప్పు చక్కగా వస్తోంది.

మా ఫోర్‌మన్ది కరీంనగర్. ఒక మధ్యాహ్నం తిండి దగ్గర అందరి ముందూ పట్టుకున్నాడు.

"ఏం పంతులూ, గన్ని బుక్కులు సదివినవ్, బకెట్ల కట్టె తిప్పుడేనా?"

అందరూ నవ్వారు.

"కట్టె తిప్పడం కాదన్నా. ఆ నీలం ఎంత పడాలో తేల్చేది నేనే."

"గట్లనా! మరి ముసలాయన ఏం జేస్తడు, పైన పండుకుంటడా?"

అక్కడ ఆగి ఉంటే పోయేది. శుక్లం సంగతి, పసుపు గాజు సంగతి, చదివింది చదివినట్టు వివరించాను. ఎవరూ నవ్వలేదు. చేతిలో ముద్ద పట్టుకుని విన్నారు. నాకెంత గర్వంగా ఉండిందో!

సాయంత్రానికి ఆ మాట ఇంజనీరుకు చేరింది. మర్నాడు ఆయన పెద్దాయన ముందు రెండు రంగు అట్టలు పెట్టి, నీలం ఏదో చూపించమన్నాడు. పెద్దాయన చాలాసేపు చూసి ఆకుపచ్చదాని మీద వేలు పెట్టాడు. ఆయన్ని ఇక పరంజా ఎక్కొద్దన్నారు. మిగిలిన రెండు మూలలూ నన్ను వేయమన్నారు.

వెళ్ళేముందు ఆయన నన్ను పిలిచాడు. ఆయనకు ఒక కన్ను శుక్లం ఆపరేషన్‌లోనే పోయిందట. రెండోదానికి భయపడి చేయించుకోలేదట. అది చెప్పి, కప్పు వైపు చూడకుండా అడిగాడు.

"మరి ఆ నీలం?"

"మీరు అడిగినంత పోయలేదు సార్."

"ఎప్పటి నుంచి?"

"కిటికీ వైపు మొదలుపెట్టినప్పటి నుంచి."

ఆయన బ్రష్షులు గుడ్డలో చుట్టుకున్నాడు.

"నా జన్మలో అంత మంచి పని చేయలేదనుకున్నాను. మా అమ్మాయికి ఫొటోలు కూడా పంపాను."

ఆయన సంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రెండు మూలలూ పది రోజుల్లో వేశాను. నీలం సరిగ్గానే కుదిరింది. ఆకులు మాత్రం పైకి లేవకుండా, అట్టముక్కల్లా కప్పుకు అతుక్కుపోయాయి. అర్బాబ్ వచ్చి, తలెత్తి నాలుగు మూలలూ చూసి, బాగుందని చెప్పి వెళ్ళాడు.