లోకల్ ఐడీకి రూమ్ లేదు

హోటళ్లలో దెయ్యాల గదుల కథలు ఎలా పుడతాయో నాకు బాగా తెలుసు. కొన్నింటిని పుట్టించింది మేమే. మధ్యాహ్నం పూట నడుం వాల్చడానికి స్టాఫ్‌కి ఒక గది కావాలి. ఫలానా గదిలో ఏవో చప్పుళ్లు వస్తున్నాయని ఒక మాట వదిలితే చాలు, మిగతావన్నీ నిండాక గాని దాన్ని ఎవరికీ ఇవ్వరు.

ఇరవై రెండేళ్లు ఈ పనిలో ఉన్నాను. విజయవాడ బస్టాండు దగ్గర డార్మిటరీలో మంచాలు అద్దెకిచ్చాను. గవర్నర్‌పేటలో లాడ్జీ చూసుకున్నాను. కొన్నాళ్లు సర్వీస్ అపార్టుమెంట్లు, చివరికి బెంజి సర్కిల్ దాటాక ఒక ఏసీ హోటల్లో మేనేజరు పని. గదుల్లో మనుషులు చేసే పనులు చాలా చూశాను గాని, మనుషులు కానివాళ్లు చేసింది ఎక్కడా చూడలేదు. అలాంటివి చెప్పేవాళ్లని ఏడిపించేవాణ్ణి కూడా.

అయితే ఇది రాస్తున్నది దెయ్యాల గురించి కాదు. ఒక ఆడమనిషి మీద నేనొక అబద్ధం చెప్పాను. దాన్ని వెనక్కి తీసుకోవడానికి రాస్తున్నాను. ఆ పని చేయాలంటే ఆ గది సంగతి కూడా చెప్పక తప్పదు.

ఆమె పేరు సుశీల. నాలుగేళ్ల కిందట, మే నెలలో ఒక శుక్రవారం, పన్నెండున్నర ప్రాంతంలో మా హోటలుకి వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. నూలు చీర, చేతిలో గుడ్డ సంచి. రోడ్డు మీద తారు మెత్తబడేంత ఎండ. లోపలికి రాగానే ఏసీ చల్లదనానికి ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

"రూమ్ కావాలండీ. నాలుగింటి దాకా చాలు."

"ఎంతమందండీ?"

"నేనొక్కదాన్నే."

ఆధార్ కార్డు తీసి ఇచ్చింది. అడ్రసు పటమట. అంటే మా హోటలుకి నడిచివచ్చేంత దూరం.

"ఇల్లు పక్కనే పెట్టుకుని రూమ్ దేనికమ్మా?" అన్నాను.

"పడుకోడానికండీ."

నా పక్కనున్న రిసెప్షనిస్టు కిసుక్కున నవ్వాడు. నేను ఆపలేదు. నాకూ నవ్వొచ్చింది.

ఆమె చిన్నబుచ్చుకోలేదు. చాలాసార్లు చెప్పుకుని అలవాటైన విషయంలా నెమ్మదిగా చెప్పింది. అత్తగారు మంచాన పడి ఏడాదిన్నర. రాత్రిళ్లు గంటకోసారి పక్కకి తిప్పాలి, గుడ్డలు మార్చాలి. ఉన్నవి రెండే గదులు. ఆ రోజు ఆడపడుచు వచ్చింది కాబట్టి, బ్యాంకు పనుందని చెప్పి బయటపడింది.

"ఇంట్లో పడుకుంటే పిలుస్తానే ఉంటారండీ. తలుపేసుకుని మూడు గంటలు పడుకుంటే మళ్లీ మనిషినవుతాను."

"లోకల్ వాళ్లకి ఇవ్వమమ్మా. రూల్ అది."

ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. నేనేమనుకుంటున్నానో ఆమెకి అర్థమైంది.

"పోనీ తలుపు బయట మీ మనిషినెవర్నన్నా కూర్చోబెట్టుకోండి. నాకోసం ఎవరూ రారండీ."

ఆ మాటకైనా నేను కరగాల్సింది. ఆ రోజు ఏడు గదులు ఖాళీగా ఉన్నాయి. లోకల్ ఐడీ ఉంటే గది ఇవ్వకూడదని ఏ చట్టంలోనూ లేదు, మా హోటలు కాగితాల్లోనూ లేదు. ఊళ్లో ఇల్లుండి హోటలుకొచ్చేది ఒక్క పనికేనని మా లైన్లో అందరం అనుకుంటాం. ఒంటరి ఆడమనిషైతే ఇంక అడగనే అక్కర్లేదు. ఆ అనుకోవడానికే రూల్ అని పేరు పెట్టుకున్నాం.

ఆమె కార్డు తీసుకుని వెనక్కి తిరిగింది. బయట ఎండ చూసి, లాబీ సోఫాలో కూర్చుంది. రెండు నిమిషాల్లో నిద్రపోయింది. సంచి ఒళ్లో పెట్టుకుని, తల గోడకానించి. సన్నని గురక, ప్రతి ఊపిరి చివర చిన్న విరుపు.

ఇరవై నిమిషాలు ఊరుకున్నాను. ఒక కంపెనీ వాళ్లు చెకిన్‌కి వస్తున్నారని ఫోనొచ్చింది. వెళ్లి లేపాను. ఒకసారి పిలిస్తే లేవలేదు. సోఫా చేతిమీద గట్టిగా తట్టాల్సి వచ్చింది.

"ఇది పడుకునే చోటు కాదమ్మా."

"సారీ అండీ. తెలీకుండానే పట్టేసింది."

వెళ్లిపోయింది. మా హోటలుకి నాలుగు షాపుల అవతల, షట్టరు వేసిన ఒక దుకాణం మెట్ల మీద కూర్చుందట. అక్కడే ఒరిగిపోయింది. ఎవరో ఆసుపత్రికి తీసుకెళ్లారు. సాయంత్రానికి చనిపోయింది. ఎండదెబ్బ అన్నారు.

మర్నాడు ఆమె భర్త ప్రభాకర్ గారు, మరో ఇద్దరు బంధువులు మా హోటలుకి వచ్చారు. ఆయన ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తారు. ఆమె మా హోటల్లోంచి బయటికి రావడం పక్క షాపువాళ్లు చూశారు. "మా ఆవిడ ఇక్కడికెందుకు వచ్చిందండీ?" అని అడిగారు. గొడవ పెట్టుకోవడానికి వచ్చినట్టు లేరు. నిజంగానే తెలియక అడిగారు.

మా ఓనరు నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఎండలోకి మీరే పంపించారంటారేమో అని నాకు భయం వేసింది. నా నోట్లోంచి ఈ మాట వచ్చింది:

"ఎవరో మనిషి కోసం ఎదురుచూస్తున్నట్టున్నారండీ. అందుకే రూమ్ ఇవ్వలేదు."

ఇంకెవరూ ఏమీ అడగలేదు. బంధువులు ఆయన భుజం పట్టుకుని బయటికి తీసుకెళ్లారు. ఓనరు నా వీపు తట్టాడు.

తర్వాతి శుక్రవారం ఒంటిగంట దాటాక హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు నాగమణి కౌంటరు దగ్గరికి వచ్చింది.

"సార్, టూ నాట్ ఫోర్ లోపల గడియేసుంది."

ఆ గది పదకొండింటికే ఖాళీ అయింది. పన్నెండున్నరకి నాగమణే శుభ్రం చేయించి, దుప్పటి మార్పించి తలుపు వేసింది. స్టాఫ్ ఎవరో పడుకున్నారనుకుని అందరినీ లాబీలోకి పిలిచాను. అందరూ ఉన్నారు. పైకి వెళ్లి తలుపుకి కీ కార్డు పెట్టాను. తాళం తెరుచుకుంది, తలుపు కదల్లేదు. గడియ లోపలినుంచి చేత్తో నెడితే తప్ప పడదు. తలుపు బాదాం. కింద నుంచి ఆ గదికి ఫోను చేయించాను. లోపల మోగింది, ఎవరూ తీయలేదు. ఏసీ మాత్రం నడుస్తోంది.

ఇక్కడొక విషయం చెప్పాలి. మా గదుల్లో కరెంటు రావాలంటే తలుపు పక్క స్లాటులో కార్డు ఉంచాలి. ఆ గదికున్నవి రెండే కార్డులు. ఒకటి నా చేతిలో ఉంది, రెండోది కౌంటరు సొరుగులో ఉంది.

తలుపు విరగ్గొట్టిద్దామంటే ఓనరు ఊళ్లో లేడు. కార్పెంటరు కోసం కబురుపెట్టి, నేను, నాగమణి వరండాలోనే నిలబడ్డాం. నాలుగింటికి గడియ తీసిన చప్పుడైంది. ఇద్దరం విన్నాం. నేను తలుపు తోశాను.

ఎవరూ లేరు. కిటికీకి బిగించిన గ్రిల్లు అలాగే ఉంది. బాత్రూమ్ పొడిగా ఉంది. స్లాటులో కార్డు లేదు, ఏసీ ఆగిపోయింది, గది మాత్రం చల్లగా ఉంది. మంచానికి గోడవైపు దుప్పటి నలిగి ఉంది. దిండు మీద తల పెట్టిన గుంట. చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది.

కెమెరా చూశాను. నాగమణి తలుపు వేసి వెళ్లిన దగ్గర్నుంచి మళ్లీ ఆమె వచ్చేదాకా వరండాలో ఎవరూ లేరు.

గడియ వదులై జారి ఉంటుందని కార్పెంటరు కొత్తది బిగించాడు. ఎలక్ట్రీషియన్ స్లాటు విప్పి చూసి బాగానే ఉందన్నాడు. ఆ పై శుక్రవారం కొత్త గడియ కూడా అలాగే పడింది, నాలుగింటికి అలాగే తెరుచుకుంది.

ఆ సాయంత్రం నాగమణి దుప్పటి మారుస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"ఆవిడ ఎవరికోసమో చూస్తందని చెప్పారంట గదా సార్? నేనా రోజు మెట్ల కాడే ఉన్నాను. నాకెవురూ కనపళ్లేదే?"

"నీ పని చూసుకో."

"నా పనే చూసుకుంటున్నా సార్. పక్కలు ఎత్తేదాన్ని, ఒక్కళ్లు పడుకున్నారో ఇద్దరు పడుకున్నారో నాకు తెలీదా? ఈ పక్కమీద ఒక్క మనిషే. అటూ ఇటూ దొర్లింది కూడా లేదు."

మూడో శుక్రవారం నేనొక్కణ్ణే పైకి వెళ్లాను. తలుపుకి చెవి ఆనించాను. సన్నని గురక. ప్రతి ఊపిరి చివర చిన్న విరుపు.

తలుపు కొట్టలేదు. కౌంటరుకొచ్చి, డోంట్ డిస్టర్బ్ అట్ట తీసుకెళ్లి తలుపు పిడికి తగిలించాను. ఎందుకు చేశానో అప్పుడు నన్నడిగితే చెప్పలేకపోయేవాణ్ణి.

నెల తిరక్కుండా ఆ ఉద్యోగం మానేశాను. ఏడాది తర్వాత హోటలు చేతులు మారింది. లోపలంతా పగలగొట్టి ఇప్పుడు బట్టల షోరూమ్ చేశారు. ఆ గదిని మళ్లీ పరీక్షించే అవకాశం ఎవరికీ లేదు.

భయపడి మానేశాననుకోకండి. నిజం చెప్పాల్సి వస్తుందేమోనని మానేశాను. అంత తెలిసీ నాలుగేళ్లు నోరు మూసుకునే ఉన్నాను.

ఈ మధ్య చల్లపల్లిలో పెళ్లికి వెళ్తూ పామర్రులో బస్సు మారాను. పక్క సీటులో పెద్దమనిషి ఒకాయన, నేను హోటళ్లలో పనిచేశానని తెలిసి హుషారుగా మొదలుపెట్టాడు.

"పటమట ఆవిడ సంగతి తెలుసా అండీ మీకు? అత్తని మంచంలో వదిలేసి ఎవడితోనో హోటలుకొచ్చింది. ఎర్ర కారంట. వాడు దింపేసి పోయాడు, ఈవిడ రోడ్డు మీద పడి చచ్చింది. దేవుడున్నాడండీ!"

నేను చెప్పినప్పుడు అది ఒక్క వాక్యం. కారు లేదు. పామర్రు చేరేసరికి దానికి కారు వచ్చింది, రంగు కూడా వచ్చింది. ఆయనకి ఏమీ చెప్పలేకపోయాను. చల్లపల్లిలో అక్షింతలు వేసి, భోజనం చేయకుండా తిరిగి వచ్చేశాను.

ఆ ఆదివారం పటమటలో ప్రభాకర్ గారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు, బైబిలు ఇంకా చేతిలోనే ఉంది. గుమ్మం బయటే నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఒక్కతే వచ్చింది. ఎవరికోసమూ చూడలేదు. పడుకోడానికని చెప్పింది. నేను నవ్వాను. నిద్రపోతుంటే లేపి పంపాను.

ఆయన బైబిలు కిటికీ గట్టు మీద పెట్టారు.

"నిద్రకేనా అండీ?" అన్నారు.

"నిద్రకేనండీ."

"జ్ఞాపకార్థ కూడిక కూడా పెట్టనివ్వలేదండీ నేను. పాస్టరు గారు అడిగితే వద్దన్నా. మూణ్ణెల్లకి మా అమ్మ పోయింది. మా ఆవిడ పక్కనే పెట్టాం. సమాధుల పండక్కి ఏటా వెళ్లి అమ్మ సమాధికి సున్నం వేసుకొస్తా. పక్కదానికి వెయ్యను. మా అమ్మాయి బ్రష్షు తీసుకుంటే లాక్కున్నా."

క్షమించమని అడిగాను.

"నాకు చెప్పి వెళ్లిపోతే సరిపోద్దా? మీ మాట నా దగ్గరే ఆగిందా? ఎక్కడన్నా రాయండి. పేరు మార్చకండి. అబద్ధం దాని పేరు మీదే గదా తిరిగింది, నిజానికి వేరే పేరెందుకు?"

అందుకే ఇక్కడ ఆమె పేరు, ఆయన పేరు ఉన్నాయి.

వెళ్లేముందు గది సంగతి కూడా చెప్పాను. కొడతారేమోననుకున్నాను. మొత్తం విన్నారు. దెయ్యమని గాని, ఆత్మ అని గాని ఒక్క మాట అనలేదు. ఒకటే అడిగారు.

"మధ్యలో ఎవరూ లేపలేదుగా?"

లేదని చెబుదామని నోరు తెరిచాను. ఆ మనిషికి రెండో అబద్ధం చెప్పలేకపోయాను.

"మొదటిసారి తలుపు బాదామండీ. ఫోను కూడా చేయించాను. తర్వాత ఎవర్నీ లేపనివ్వలేదు."

ఆయన తల ఊపి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు.

ఇప్పుడు ఫోనులో చూస్తే ఊళ్లో సగం హోటళ్లు లోకల్ ఐడీ చెల్లుతుందని రాసి మరీ, గంటల లెక్కన గదులిస్తున్నాయి. ఎవరూ ఎందుకని అడగరు.

మూడు శుక్రవారాలు ఆ గడియ ఎవరు వేశారో, ఎవరు తీశారో నాకు తెలియదు. చనిపోయినవాళ్లకి నిద్ర కావాలా అంటే, కావాలని నేను ఎలా అనగలను? బతికి ఉండగా ఆమెకి కావలసింది మాత్రం నాకు తెలుసు. ఏడు గదులు ఖాళీ పెట్టుకుని నేను ఇవ్వలేదు.