తొమ్మిదో తరగతి చూచిరాత

నరసరావుపేటలో ఒక బీఎడ్ కాలేజీలో నేను చెప్పే పేపరు పేరు ప్రత్యేక అవసరాలున్న పిల్లల విద్య. పేరు గొప్పగానే ఉంటుంది. టైంటేబుల్లో దానికి దొరికిన చోటు మాత్రం మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చే మొదటి పీరియడు. గోంగూర పప్పు తిని వచ్చిన కాబోయే టీచర్లు చూపులేని పిల్లల గురించీ, వినపడని పిల్లల గురించీ కళ్లు మూసుకుని వింటారు. నేను డస్టరుతో బల్ల మీద కొట్టి లేపుతుంటాను. నాకు కోపం ఎక్కువని కాలేజీ అంతా తెలుసు. మా ప్రిన్సిపల్‌గారు నా గదిలోకి వచ్చే ముందు గుమ్మం దగ్గర ఒకసారి దగ్గి వస్తారు.

టీచింగ్ ప్రాక్టీసుకి బళ్లకి వెళ్లినప్పుడు మా విద్యార్థులు ఒక్కొక్కరూ అలాంటి ఒక బిడ్డను ఎంచుకుని, గమనించి, ఏం చేశారో రాసుకురావాలి. చాలామంది సీనియర్లు రాసిందే తెచ్చి పేరు మార్చి ఇస్తారు. కొందరికి పేరు మార్చే ఓపిక కూడా ఉండదు. అందుకే నూజెండ్ల వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి, సొంతంగా ఒక బిడ్డను వెతుక్కున్నానని మొహం వెలిగిపోతూ వచ్చి చెప్పినప్పుడు నాకు ముచ్చటేసింది.

"పుట్టుకతోనే వినపడదంట మేడమ్. మాట రాదు. అయినా తొమ్మిదో తరగతిలో అందరితో పాటే కూర్చుని చదువుతోంది. చేతిరాతలో స్కూలు మొత్తానికీ ఫస్టు. మీరొచ్చి చూస్తే నమ్మరు మేడమ్" అంది.

చూశాను. నిజంగానే నమ్మలేకపోయాను.

ఆ బడి శావల్యాపురం దాటి ఆటోలో కొంత దూరం వెళ్తే వచ్చే ఊళ్లో ఉంది. కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్న రోజులు. ఆటో దిగేసరికే తుమ్ములు అందుకున్నాయి. తొమ్మిదో తరగతి క్లాస్‌టీచరు తెలుగు మాస్టారు ఎదురొచ్చారు. రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి, నెమ్మదస్తుడు. వరండా గోడ మీద ప్రతిజ్ఞ రాసిన చార్టు చూపించారు. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. రెండూ అచ్చుగుద్దినట్టున్నాయి.

"ఆ పిల్ల రాసినయ్యేనండీ. మా స్కూలుకి ప్రెస్సు ఆమే" అని నవ్వారు.

క్లాసులో ఆ పిల్ల ముందు బెంచీలో ఉంది. తలకి నల్ల స్కార్ఫు, చురుకైన కళ్లు. మా బీఎడ్ అమ్మాయి ఆ రోజు మొక్కల పాఠం చెప్పింది. చివర్లో పుస్తకం తెరిచి నిర్వచనం మీద వేలు పెట్టి ఆ పిల్ల చేతికి సుద్దముక్క ఇచ్చింది. ఆ పిల్ల చూసి బోర్డు మీద రాసింది. ఒక్క వంకర లేదు, ఒక్క తప్పు లేదు. క్లాసంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ పిల్లతో రెండు మాటలు మాట్లాడదామనిపించింది. నాకు వచ్చిన కాసిన్ని సైగలూ చేశాను. ఆమెకు ఆ సైగలు తెలియవు. ఎవరూ నేర్పలేదు. సరే, చదవటం వచ్చుగదా అని సుద్దముక్క తీసుకుని 'నీ పేరు ఏమిటి?' అని రాసి సుద్దముక్క ఆమె చేతికిచ్చాను.

ఆ పిల్ల దాని కింద 'నీ పేరు ఏమిటి?' అని రాసింది. నాకంటే అందంగా రాసింది.

ఆట పట్టిస్తోందేమో అనుకున్నాను. 'కిటికీ తలుపు వెయ్యి' అని రాశాను. దాన్నీ రాసింది. రాసి, బాగుందా అన్నట్టు నా మొహంలోకి చూసింది. ఒక చిన్న గీత అటూ ఇటూ కాకుండా దించేసిన ఆ మాటల్లో ఒక్కటంటే ఒక్కటి ఆ పిల్లకు తెలియదు. తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్లకి తన పేరు అడుగుతున్నామని తెలియదు. మిగతా పిల్లలెవరూ నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. వాళ్లకిది రోజూ చూసేదే.

మా అమ్మాయి మొహం పాలిపోయింది. "నోట్సు మొత్తం రాసిద్ది మేడమ్. అన్ని పుస్తకాలూ నీటుగా ఉంటయ్. నేను అనుకోలా మేడమ్" అని గొణిగింది.

అంతకంటే పెద్ద దెబ్బ స్టాఫ్ రూములో తగిలింది. ఈ సంగతి మాస్టారికి ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటుంటే ఆయన టీ కప్పు నా ముందుకు జరిపి, "తెలుసు గదండీ" అన్నారు.

"ఏం తెలుసు?"

"ఆ పిల్లకి చదవటం రాదని. ఆరో తరగతిలో చేరినప్పుడే తెలుసు. చెవుడు గదా, ఇంకేం వచ్చిద్ది? అల్లరి చెయ్యదు, బోర్డు మీదుంది బుద్ధిగా రాసుకుంటది. రాతకి మార్కులు వేస్తాం. తల్లి సంతోషపడిద్ది. ఇందులో ఎవురికి నష్టమండీ?"

వినపడని పిల్లలకు ఎలా చెప్పాలో మీకు ట్రైనింగులు ఇచ్చారు గదా సార్ అని అడిగాను.

"చానా ఇచ్చారు. అన్నిటికీ పోయినా. బ్యాగులిచ్చారు, పెన్నులిచ్చారు, భోజనం పెట్టారు. అట్టాంటి పిల్లల్ని ముందు బెంచీలో కూర్చోబెట్టమన్నారు. కూర్చోబెట్టాం గదా!"

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగా చెప్పిన పని చేశానన్న నమ్మకంతో అన్నారు. అందుకే ఇంకా ఒళ్లు మండింది. ముందు బెంచీ మాట మా పుస్తకాల్లోనూ ఉంది. దాని తర్వాత ఉన్న పేజీలన్నీ ఏ గాలికి కొట్టుకుపోయాయో! వచ్చే ఏడు పదో తరగతి. ఆ పరీక్ష పేపర్లు ఎక్కడో, ముక్కూ మొహం తెలియనివాళ్లు దిద్దుతారు. అందమైన రాతను చూసి అక్కడ ఎవరూ జాలిపడరు. అది తప్పితే బడి అయిపోయినట్టే. ఒక్క మాటంటే ఒక్క మాట తెలియకుండా ఆ పిల్ల ఇంటికి వెళ్లిపోతుంది. మిగిలింది ఒక్క ఏడాది చిల్లర. ఇదంతా గట్టిగానే అన్నాను. మాస్టారు తల వంచుకుని టీ తాగారు.

బడి వదిలాక మా అమ్మాయీ నేనూ ఆ పిల్ల వెంట వాళ్లింటికి వెళ్లాం. తండ్రి మోటార్లు బాగుచేసే మెకానిక్కు, పని మీద పొలాల వైపు వెళ్లాడట. తల్లి ఇంటి ముందు రేకుల పంచలో బట్టలు కుడుతోంది. మమ్మల్ని చూసి మిషను ఆపి, కుర్చీలు తుడిచి వేసింది.

"బాగా చదువుద్దంట గదా మేడమ్‌గారూ మా పిల్ల? ఇంట్లో గూడా అంతే. పొద్దున్నే ఆళ్ల నాయన చూసినాక పేపరు తీసుకుని కూర్చుంటది. ఆయనకన్నా ఎక్కువసేపు చదువుద్ది" అంది.

అంతలో జాకెట్టు కుట్టించుకోవటానికి ఒకామె వచ్చింది. ఆ పిల్ల టేపు తీసుకుని భుజాలూ, చుట్టుకొలతా, చేతులూ కొలిచి, ఒక్కొక్క అంకె గుడ్డ మీద సుద్దతో వేసింది. ఎవరూ చెప్పలేదు, ఎక్కడా చూసి రాయలేదు. అప్పుడు చూశాను ఆ కళ్లలో తెలివి. అంకె అంటే ఏమిటో ఆ పిల్లకు తెలుసు. అక్షరం కూడా అలాంటిదేనని ఇన్నేళ్లలో ఎవరూ ఆమెకు తెలియజెప్పలేదు. ఆ పిల్ల ఎవర్నీ మభ్యపెట్టటం లేదు. చదువంటే ఇంతేననీ, చూసి అలాగే దించటమేననీ, లోకమంతా చేస్తున్నది అదేననీ అనుకుంటోంది.

నేనింకా ఆ అంకెల వంకే చూస్తుండగా మా అమ్మాయి సంచీలోంచి కాగితం తీసి, ముక్క చింపి 'కత్తెర' అని రాసి, ఆ పిల్లకు చూపించి, తెచ్చి నా చేతికిచ్చింది. నేను చదివి, మిషను మీదున్న కత్తెర తీసి ఇచ్చాను. మరో ముక్క మీద 'దారం' అని రాసిచ్చింది. దారపు ఉండ ఇచ్చాను. ఇది నేను క్లాసులో నేర్పింది కాదు, అప్పటికప్పుడు ఆమెకు తోచింది.

ఆ పిల్ల మొదట నవ్వుతూ చూసింది. తర్వాత తనే ఒక ముక్క మీద 'కత్తెర' దించి నాకిచ్చింది. కత్తెర ఇచ్చాను. దాన్ని తిరిగి మిషను మీద పెట్టి, అదే ముక్క మళ్లీ ఇచ్చింది. మళ్లీ కత్తెరే ఇచ్చాను. నన్ను పక్కకు జరగమని సైగ చేసి, ఆ ముక్క మా అమ్మాయి చేతిలో పెట్టింది. ఆమె కూడా కత్తెరే తీసింది. మనిషి మారినా వచ్చిన వస్తువు మారలేదు. 'దారం' ముక్క ఇచ్చి చూసింది. దారం వచ్చింది. ఆ పిల్ల చేతులు ఆగిపోయాయి.

ఇప్పుడు సంతోషంతో ఎగిరి గంతేస్తుందని అనుకున్నాను. మా అమ్మాయి అప్పటికే నవ్వుతోంది. ఆ పిల్ల నవ్వలేదు. మొహం కందగడ్డలా అయింది. లోపలికి పరుగెత్తి బడి సంచీ తెచ్చి నేల మీద గుమ్మరించింది. తెలుగు పుస్తకం తెరిచి ఒక మాట మీద వేలు పెట్టి మా వంక చూసింది. ఇంకో మాట మీద పెట్టింది. పేజీ తిప్పింది, ఇంకో పేజీ తిప్పింది. గొంతులోంచి ఒక అరుపు వచ్చింది. అలాంటి అరుపు నేనెప్పుడూ వినలేదు, మళ్లీ వినకూడదు. ఆ పేజీల నిండా కత్తెరలూ దారాలూ ఉన్నాయనీ, చుట్టూ ఉన్న అందరూ ఇన్నేళ్లుగా వాటిని తీసుకుంటూనే ఉన్నారనీ, తనకొక్కదానికే ఎవరూ చెప్పలేదనీ ఆ పిల్లకు తెలిసిపోయింది. పుస్తకం ఎత్తి తల్లి భుజం మీద కొట్టింది.

తల్లికి అప్పుడు అంతా అర్థమైంది. కొట్టిన పుస్తకాన్నే చేతిలోకి తీసుకుని తెరిచి, అటూ ఇటూ తిప్పి, తన గుండె మీద వేలు పెట్టుకుని, చెయ్యి అడ్డంగా ఊపింది. "నాకు గూడా రాదమ్మా. నాకు గూడా రాదు, తల్లీ" అని పైకే అంది, బిడ్డకు వినపడదని తెలిసి కూడా. నేను మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాను. అందరి మీదా విసుక్కునే నాకు ఆ పూట విసుక్కోవటానికి ఎవరూ దొరకలేదు, ఏడుపు మాత్రం వచ్చింది.

టీచింగ్ ప్రాక్టీసు అయిపోయాక కూడా మా అమ్మాయి ఆదివారాలు ఆ ఇంటికి వెళ్తూనే ఉంది. సైగల భాష తెలిసిన ఒక టీచరును వెతికి, వీలున్నప్పుడల్లా వెళ్లమని నేను బతిమాలాను. ఆ పిల్ల పంచలో ఉన్న వస్తువులతో మొదలుపెట్టి, వంటింట్లోవీ, వీధిలోవీ, తర్వాత పనుల పేర్లూ నేర్చుకుంది. వేసవి పోయి, ఆ పిల్ల పదో తరగతిలోకి వచ్చింది.

బడి తెరిచిన కొత్తలో తెలుగు మాస్టారు ఫోన్ చేశారు. "మేడమ్, మీరొచ్చి పోయినాక మంచి పిల్ల పాడైపోయింది" అన్నారు.

"ఏమైంది సార్?"

"రాయటం మానేసింది. పెన్ను మూత గూడా తియ్యదు. సక్కా బోర్డు కాడికి వచ్చి ఏదో ఒక మాట మీద ఏలు పెట్టి నిలబడిద్ది. అదేందో చూపిందాకా కదలదు. పాఠం ముందుకు పోవటంలా."

"చూపించండి సార్" అన్నాను.

"ఎన్నని చూపేది మేడమ్?" అని పెట్టేశారు. ఫోను చేతిలో పట్టుకుని ఆయన్ని ఎంత తిట్టుకున్నానో చెప్పలేను.

కొన్నాళ్లకి మళ్లీ చేశారు. ఈసారి గొంతు వేరేగా ఉంది. ఇప్పుడు బోర్డు పక్కన గిన్నె, చెంబు, ఆకులు, రాళ్లు పెట్టుకుంటున్నానని చెప్పారు. ఎద్దు బొమ్మ గీశారట, వాన అంటే ఏమిటో చూపటానికి క్లాసులో నీళ్లు చల్లారట. "ఇయ్యాల మాత్రం ఇరుక్కుపోయినా మేడమ్. కథలో మోసం అన్న మాటొచ్చింది. దాని మీద ఏలు పెట్టి నిలబడింది. మోసాన్ని ఏమని గీసేది?"

"ఏం చేశారు మరి?"

"బోర్డు మీద ఆ పిల్లకి అస్సలు తెలియని రెండు లైన్లు రాసి, బతిమాలి నోట్సులో ఎక్కిచ్చా. చక్కగా రాసింది. కింద ఎర్రపెన్నుతో రైటు కొట్టి, పదికి పది వేశా. ఆ పిల్ల మార్కుల వంక చూసి, నా మొహం వంక చూసింది. అప్పుడు బోర్డు మీద ఆ మాట చూపించి, అదే ఏలు తెచ్చి నా రొమ్ము మీద పెట్టుకున్నా."

"అర్థమైందా సార్, ఆ పిల్లకి?" అన్నాను.

"ఒక్కసారికే అర్థమైంది మేడమ్" అన్నారు.