గంజిలో రెండు పిడికిళ్ల పిండి

మా పెద్ద తోడికోడలు పోయిందన్న కబురు నాకు బనగానపల్లెలో, పుట్టింట్లో అందింది. వారం రోజుల జ్వరమట. నేను చేరుకునేసరికి మగ్గాల వీధి అంతా మా వాకిట్లో ఉంది. నాకంటే ముందే ఆమె కాళ్ళు పట్టుకుని ఏడుస్తున్న ఆడవాళ్ళను చూడగానే నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, అసూయ. ఇంతమందికి ఆమె ఎప్పుడు అక్క అయింది? చదివేవాళ్ళు నన్నేమనుకున్నా సరే. ఆమె గురించి రాస్తూ ఈ మాట దాచిపెడితే ఆమెకు నచ్చదు.

నేను కాపురానికి వచ్చేనాటికే ఆమె నేసిన చీర అంచు చూడడానికి పక్క వీధుల నుంచి వచ్చేవారు. మా అత్త ఏ పనికైనా ఆమెనే పిలిచేది. నాకున్నదల్లా మిషన్ బడిలో నేర్చిన చదువు. ఇంటికి వచ్చిన జాబులు చదివే ఆ కాసేపే అందరూ నావైపు చూసేవారు. ఆమె పొద్దున్నే మగ్గం గుంటలో కాళ్ళు పెడుతూ, "ఈ పొద్దు నాకు పని మీద మనసు లేదబ్బా" అని పైకే అనేది. తర్వాత అందరికంటే ఎక్కువ నేసేది. అదీ నాకు గిట్టేది కాదు.

యుద్ధం వచ్చి నూలు దొరకడం గగనమైన రోజులవి. మా బావగారు ఎక్కడెక్కడో తిరిగి పెళ్ళిచీరలకు సరిపడా నూలు తెచ్చారు. వీధి పొడవునా పడుగు, అంటే చీర నిలువు పోగులు, చాచారు. నేతలో తెగకుండా దానికి పట్టించడానికి ఆమె గంజి కాచింది. ఆమె లోపలికి వెళ్ళినప్పుడు నేను కుండలో రెండు పిడికిళ్ల పిండి వేసి కలిపాను. పలచగా ఉంది, సరిచేస్తున్నాను అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ చిక్కటి గంజికి నూలు బిరుసెక్కింది. మగ్గమెక్కించగానే పోగులు పటపటా తెగిపోయాయి.

"నీ చెయ్యి ఇట్లా తప్పిందేందే!" అని మా అత్త ఆమెను వీధిలోనే తిట్టింది. ఆమె తలవంచుకుంది. నాకు కావలసింది అదే. అయినా ఆనాటి నుంచి నాకు అన్నం సయించలేదు. తలనొప్పి పట్టుకుంది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. తగ్గలేదు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె నా పక్కన కూర్చుని అడిగింది.

"ఏమ్మే, ఆ పొద్దు గంజిలో పిండి ఏసింది నువ్వే కదా?"

"పలచగా ఉండాదని ఏసినా అక్కా."

"నాకు చెప్పే మాట అట్లుండనీ. నీకు నువ్వు ఏమని చెప్పుకుంటాండావు?"

అదే మాట అనబోయాను. నిజమే బయటికి వచ్చింది.

"నీ మీద కుళ్ళుతో ఏసినా. నువ్వు తిట్లు తినాలని ఏసినా."

ఓదారుస్తుందనుకున్నాను. "నాకు శానా కోపంగా ఉండాది. మూడు దినాలు నాతో మాట్లాడొద్దు" అని లేచిపోయింది.

ఆ సాయంత్రమే, వీధి ఆడవాళ్ళు వింటుండగా, పడుగు చెరిపింది అక్క కాదు, నేనేనని అత్తకు చెప్పాను. పడాల్సిన తిట్లన్నీ పడ్డాను. మరునాడు చాలా రోజుల తర్వాత సంగటి రుచి తెలిసింది. తలనొప్పి మెల్లగా వదిలింది.

నాలుగో రోజు ఆమె ఒక పలక పట్టుకుని వచ్చింది.

"నువ్వు జాబులు చదివేటప్పుడు నాకూ కడుపు మండేది. చెప్పుకోడానికి సిగ్గయింది. నాకు అచ్చరాలు నేర్పు."

నాలుగు నెలల్లో నేర్చేసుకుంది. ఆ వేగం చూసి నాకు మళ్ళీ మండింది. ఈసారి ఆమెతోనే అన్నాను.

"అక్కా, మళ్ళా కుళ్ళుకుంటాండా."

"చెప్పినావు కదా, మంచిది. గంజి మాత్రం ఈ పూట నేనే చూసుకుంటా" అంది. ఇద్దరం పడీపడీ నవ్వాము. అసూయ నన్ను పూర్తిగా విడిచిపెట్టలేదు. కానీ దాన్ని పేరు పెట్టి పిలవడం ఆమె దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

ఆమె దినాలు అయిన మరునాడు ఆడవాళ్ళమంతా నీళ్ళకు పెన్నకు వెళ్ళాము. ఎండిన ఏట్లో ఎవరో ఇసుక తవ్వి చెలమ తోడారు. అడుగున కాసిని నీళ్ళు ఊరాయి, బురదబురదగా. ఎప్పుడూ ముందు నాకంటే నాకని తోసుకునేవాళ్ళం, ఆరోజు ఎవరూ బిందె ముంచలేదు. చుట్టూ ఇసుకలో కూర్చుని, ఆ నీళ్ళు తేరుకునేదాకా చూస్తూ ఉండిపోయాము.