మురుగు తొట్టిలో ప్రాణాలు

ఈమధ్య బందరు దగ్గర మా ఊరు వెళ్ళినప్పుడు మురుగునీటి ప్లాంటు గేటు ముందు బండి ఆపితే, ముక్కు మూసుకోవాల్సిన చోట తొలకరికి తడిసిన మట్టి వాసన వచ్చింది. ఆ వాసన నాకు పదేళ్ళ వయసు నుంచీ తెలుసు.

మాది అద్దకం ఇల్లు. కరక్కాయ నీళ్ళలో ముంచిన బట్టలు లేత పసుపుగా ఆరే పెరడు, చెక్క అచ్చులు టకటకా పడే పంచ, ఎండాకాలం తాటిముంజలు, అట్లతద్దికి తెల్లారకుండానే తినే గోంగూర పచ్చడి, పెరుగన్నం, వీటి మధ్య పెరిగాను. అద్దిన బట్టను పారే నీళ్ళలోనే జాడించాలి; నీరు కదలకపోతే వదిలిన రంగు మళ్ళీ బట్టకే అంటుకుని మచ్చలు పడతాయి. అలాంటి మా కాలువలో ఊరి మురుగంతా కలిసి, నాన్న కొన్నేళ్ళు బట్టల మూటలు సైకిల్ మీద ఎక్కడెక్కడికో మోసుకెళ్ళాడు. ప్లాంటు కట్టాకే మా రేవు మాకు దక్కింది.

ప్లాంటు చూసుకునే కోటయ్య మావయ్య నాన్నకు స్నేహితుడు. బడి వదలగానే అక్కడికే పరుగెత్తేదాన్ని. చూస్తే అన్నం సయించనంత నల్లగా వచ్చిన నీరు పెద్ద తొట్టిలో తడిమట్టి వాసన వేస్తూ గాలి బుడగలతో కుతకుతలాడి, పక్క తొట్టిలో కదలకుండా తేరుకుని, చివరి గొట్టంలోంచి తేటగా కాలువలోకి దూకేది. ఇంత పని ఎవరు చేస్తున్నారని అడిగితే, మావయ్య గాజుగ్లాసులో పెద్ద తొట్టి నీళ్ళు పట్టి చూపించాడు.

"ఈ గోధుమరంగు నలకలున్నాయే, అవన్నీ ప్రాణాలేనమ్మా. కంటికి ఆనని పురుగులు. మన మురుగే వాటికి అన్నం. నేను ఊరికే గాలి అందిస్తుంటాను, అంతే."

ఆనాటి నుంచి కంచం కడిగిన నీళ్ళు తూములో పోస్తూ "తినండి" అనుకునేదాన్ని.

ఒక వేసవిలో బట్టలు తెలుపు చెయ్యడానికి కలిపిన బ్లీచింగ్ నీళ్ళు డ్రమ్ములకు డ్రమ్ములు మిగిలిపోయాయి. కాలువలో పోస్తే చేపలు చస్తాయని, మహా జాగ్రత్తపరుడైన మా నాన్న వాటిని వీధి డ్రైనేజీలో పోశాడు. ఎంత మురుగైనా శుభ్రం చేసే ప్లాంటుకు ఇదో లెక్కా అనుకున్నాడు. మూడో రోజుకు తొట్టి కంపు కొట్టింది, రేవులో నీరు మళ్ళీ నల్లబడింది. మావయ్య వచ్చి మా అరుగు మీద కూలబడ్డాడు.

"పురుగులన్నీ చచ్చిపోయాయి బావా. ఎవరో ఏదో పోశారు."

"నేనే పోశాను" అన్నాడు నాన్న. ఆయన మొహం అంతగా చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు. "మళ్ళీ బతికించే దారే లేదంటావా?"

"పచ్చిపేడ పోసి చూద్దాం. అందులో ఉండే ప్రాణాలు పెరిగితే పెరిగినట్టు."

నాన్న రోజూ పొద్దున్నే పశువులున్న ఇళ్ళన్నీ తిరిగి, తట్టలతో పేడ తెచ్చి, నీళ్ళలో కలిపి తొట్టిలో పోసేవాడు. నేను చిన్న బకెట్ మోశాను. వారం గడిచినా నీళ్ళలో మార్పు లేదు. నాన్న అచ్చు పట్టలేదు, సరిగా అన్నమూ తినలేదు. ఊరి కాలువను తన చేత్తోనే చంపానని కుమిలిపోయాడు. రెండో వారం చివర్లో మావయ్య గ్లాసు ఎత్తి చూపిస్తే, అడుగున గోధుమరంగు నలకలు పేరుకున్నాయి, పైన నీరు తేరింది. నాన్న చెప్పులు విడిచి ఆ మురుగు తొట్టికి దండం పెట్టాడు. నాకు నవ్వు రాలేదు. నేనూ పెట్టాను.

ఇప్పుడు నాన్న లేడు, మావయ్యా లేడు. అచ్చుల చప్పుడు ఆగి చాలా ఏళ్ళయింది, రేవులో బట్ట జాడించేవాళ్ళు ఒక్కరూ కనపడలేదు. ఈ తొట్టి మళ్ళీ ఎప్పుడైనా చచ్చిపోయిందా అని కొత్త ఆపరేటర్ని అడిగాను.

"లేదండీ. ఆ పాతవే పెరుగుతూ వస్తున్నాయి" అన్నాడు.

నాన్న అద్దిన గుడ్డ ఒక్కటి కూడా నా దగ్గర మిగల్లేదు. ఆయన తట్టల్లో తెచ్చిన ప్రాణాలు మాత్రం, పిల్లల పిల్లలై, ఇప్పటికీ మా ఊరి మురుగు తింటున్నాయి.